ఓటీపీ చెప్పకుండా రోజు గడవని చోట సోషల్ ఇంజినీరింగ్

క్లుప్తంగా

పాస్‌వర్డు ఛేదించే శ్రమ పెట్టుకోకుండా దాన్ని సొంతదారు నోటితోనే చెప్పించుకోవడాన్ని సోషల్ ఇంజినీరింగ్ అంటారు. వీడియో కాల్‌లో పోలీసుల్లా నటించి బెదిరించే డిజిటల్ అరెస్టు, ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించడానికి వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, ఎగుమతిదారుల మెయిల్‌లో ఉన్నట్టుండి మారిపోయే బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ ఈ కోవలోవే. జనం అమాయకులు కాబట్టి మోసపోతున్నారనేది సగం నిజమే. అసలైన ఆఫీసులు రోజూ చేయించే పనుల్లాగే ఈ మోసాలూ ఉండడం అంతకంటే పెద్ద కారణం. మాట తీరును బట్టి అసలేదో నకిలీ ఏదో తేల్చడం కష్టం. కాల్ పెట్టేసి, తమ దగ్గర ముందే ఉన్న నంబరుకు తామే తిరిగి చేయడం తేలిక. పోయిన డబ్బు దొరుకుతుందా లేదా అన్నది చాలావరకు మొదటి గంటల్లో సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేసే ఫోన్ మీద ఆధారపడుతుంది.

ఎక్కడి నుంచి వచ్చింది

ఎన్నికలప్పుడు ఏ కులానికి ఎన్ని టికెట్లన్న లెక్కనూ మన పత్రికలు ‘సోషల్ ఇంజినీరింగ్’ అనే రాస్తాయి. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. కంప్యూటర్ భద్రత రంగంలో ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికాకు చెందిన కెవిన్ మిట్నిక్. 1995 ఫిబ్రవరిలో ఎఫ్‌బీఐకి చిక్కేనాటికి అతను చేసిన చొరబాట్లలో చాలావాటికి కీబోర్డు కంటే టెలిఫోనే ఎక్కువ పనికొచ్చింది. తోటి ఉద్యోగిలా ఫోన్ చేసి, ఆ కంపెనీ వాళ్లు తమలో తాము వాడుకునే మాటలే వాడి, కావలసిన వివరం రాబట్టేవాడు.

పాతికేళ్ల తర్వాత కూడా దారి అదే. 2020 జూలైలో ట్విట్టర్ అంతర్గత వ్యవస్థలోకి దూరినవాళ్లు ఆ సంస్థ ఉద్యోగులకు ఫోన్లు చేసి లాగిన్ వివరాలు తీసుకున్నారు. అప్పుడు ఉద్యోగులంతా ఇళ్ల నుంచి పనిచేస్తున్నారు కాబట్టి ఐటీ విభాగం నుంచి ఫోన్ రావడం ఎవరికీ వింతగా తోచలేదు. 2024లో వెలుగుచూసిన బ్రిటన్ ఇంజినీరింగ్ సంస్థ ఆరప్ హాంకాంగ్ ఉదంతంలో ఒక ఉద్యోగి వీడియో సమావేశంలో తన పైఅధికారులను చూసే డబ్బు పంపాడు. ఆ సమావేశంలో అతనికి కనిపించినవాళ్లు డీప్‌ఫేకులు, అంటే కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ రూపాలు. పోయింది 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు.

మన దేశంలో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్న మొత్తం 2023లో రూ.7,465 కోట్లు కాగా 2024లో రూ.22,845 కోట్లని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఏడాదిలో మూడింతలు. ఈ మోసాల్లో చాలావాటికి బ్యాంకు సర్వర్లను బద్దలు కొట్టాల్సిన పనే లేదు. పిన్ కొట్టిందీ, ఓటీపీ చెప్పిందీ, ఫారం మీద సంతకం పెట్టిందీ ఖాతాదారే.

నిజం ఆఫీసు, దొంగ ఆఫీసు ఒకే తీరు

‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని బ్యాంకు రోజూ మెసేజ్ పెడుతుంది. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఆ మాట పాటించి బతకడం కుదరదు. గ్యాస్ బండ దించిన కుర్రాడికి ఫోన్‌కు వచ్చిన కోడ్ చెప్పాలి, లేకపోతే డెలివరీ పూర్తయినట్టు నమోదు కాదు. సచివాలయంలో ఏ ధ్రువపత్రానికి పోయినా ఆధార్ ఓటీపీ వస్తుంది, డిజిటల్ అసిస్టెంటు ‘అక్కా, నంబరు చెప్పు’ అంటాడు. పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో వచ్చే రూ.6,000 ఆగకుండా పడాలంటే ఈ-కేవైసీ తప్పనిసరి. దాన్ని పూర్తిచేసే దారుల్లో ఓటీపీ ఒకటి. 2025 జనవరి నుంచి రాష్ట్ర ప్రభుత్వమే ‘మన మిత్ర’ పేరుతో 9552300009 నంబరు మీద వాట్సాప్‌లో సేవలిస్తోంది. ప్రభుత్వం నుంచి వాట్సాప్‌లో సమాచారం రావడం ఇప్పుడు మామూలు సంగతి.

అంటే ఫోన్‌కు వచ్చిన అంకెలు ఎదుటివాడికి చదివి వినిపించడం ఒక అలవాటుగా నేర్పింది ఆఫీసులే. కేటుగాడు కొత్తగా నేర్పేదేమీ లేదు, ఆ అలవాటును తన పనికి వాడుకుంటాడంతే. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్న ప్రచారం పారకపోవడానికి కారణం ఇదే. అలాంటి సూచన పాటించలేనిదని జనానికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

పాటించగలిగే సూత్రం ఇంకోటుంది. పని ఎవరు మొదలుపెట్టారన్నది చూడాలి. మనం కౌంటరు దగ్గరికి పోయి అడిగిన పనికి, మన ఎదురుగా ఉన్న మనిషి అడిగితే ఒక సంగతి. మనం అడగని పనికి, ఫోన్‌లో వచ్చినవాడు అడిగితే పూర్తిగా వేరే సంగతి. దానికి తోడు అంకెలు చెప్పేముందు మెసేజ్ మొత్తం చదవాలి. బ్యాంకు ఓటీపీ మెసేజ్‌లో అది దేనికో, మొత్తం ఎంతో సాధారణంగా రాసే ఉంటుంది. రిజిస్ట్రేషన్ కోసమంటూ అడిగిన ఓటీపీ మెసేజ్‌లో రూ.49,999 అని కనిపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు. పంపినవారి పేరు చివర ఉండే అక్షరమూ పనికొస్తుంది. 2025 మే నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ సందేశాలకు ‘జీ’, లావాదేవీలకు ‘టీ’, సేవలకు ‘ఎస్’, ప్రచారానికి ‘పీ’ చివర్లో వస్తాయి. బ్యాంకు ఓటీపీలూ హెచ్చరికలూ ఇలాంటి పేర్ల నుంచే వస్తాయి. పది అంకెల మామూలు సెల్ నంబరు నుంచి ‘మీ ఖాతా ఆగిపోయింది’ అని వస్తే అది బ్యాంకు పంపింది కాదనే లెక్క.

కరెంటు బిల్లు మోసం కూడా ఇలాంటిదే. ‘ఈ రాత్రి 9.30కి మీ కనెక్షన్ తీసేస్తాం, ఈ అధికారికి ఫోన్ చేయండి’ అని వస్తుంది. మెసేజ్‌లో మామూలుగా ‘ఎలక్ట్రిసిటీ ఆఫీస్’ అనే ఉంటుంది తప్ప సంస్థ పేరుండదు. నెల్లూరులో కరెంటు ఇచ్చేది ఎస్పీడీసీఎల్, ఒంగోలులో సీపీడీసీఎల్. దేశమంతటికీ ఒకే మెసేజ్ పంపేవాడికి ఆ తేడా తెలియదు. సర్వీసు నంబరు కూడా అందులో ఉండదు. ఫోన్ చేసినవాళ్ల చేత మోసగాడు ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కించి, ‘పది రూపాయలు కట్టి చూడండి’ అంటాడు. ఆ పది రూపాయలు కట్టేటప్పుడు కొట్టే పాస్‌వర్డు, వచ్చే ఓటీపీ అవతలివాడి తెర మీదా కనిపిస్తాయి.

మధ్యలో నమ్మకమైన మనిషి

ఈ మోసాల్లో బాగా పదునైనది, పత్రికల్లో తక్కువగా కనిపించేది ఒకటుంది. లబ్ధిదారుకు నేరుగా ఫోన్ చేయకుండా ముందు ఆ ఊరి అంగన్‌వాడీ టీచరుకో ఆశా కార్యకర్తకో చేస్తారు. ‘జిల్లా ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ కేంద్రంలో ఫలానా ఇద్దరు బాలింతలకు డబ్బు ఆగిపోయింది, వాళ్లను కాన్ఫరెన్స్‌లో కలపండి’ అంటారు. టీచరు తనకు పరిచయమైన గొంతుతోనే ఆ తల్లిని లైన్లోకి తెస్తుంది. ‘సార్ వాళ్లు అడిగింది చెప్పమ్మా’ అంటుంది. తెలియనివాడి మీద ఉండాల్సిన అనుమానం తెలిసిన మనిషి పూచీతో కొట్టుకుపోతుంది. పై నుంచి ఫోన్ వస్తే వెంటనే పని జరగాలన్న ఆఫీసు సంస్కృతి కింది ఉద్యోగిని ఎదురు ప్రశ్న వేయనివ్వదు. పేరూ హోదా అడిగి, పెట్టేసి, సూపర్‌వైజరుకు తానే ఫోన్ చేసుకునే హక్కు తనకుందని ఆ ఉద్యోగికి పైవాళ్లు రాతపూర్వకంగా చెప్పి ఉంటే ఈ ఎత్తు పారదు. ఇలాంటి ఉత్తర్వుకు పైసా ఖర్చు లేదు.

డిజిటల్ అరెస్టు లోపలి నడక

2024 ఒక్క ఏడాదిలోనే డిజిటల్ అరెస్టుకు సంబంధించి దేశంలో రూ.1,935 కోట్లు పోయాయి. అదే ఏడాది అక్టోబర్ 27న ప్రధాని ‘మన్ కీ బాత్’లో దీని గురించే ప్రత్యేకంగా హెచ్చరించారు. అయినా ఆగకపోవడంతో 2025లో సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు తీసుకుని సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. ఇంత ప్రచారం జరిగాక కూడా చదువుకున్నవాళ్లు ఎందుకు చిక్కుతున్నారో తెలియాలంటే అది నడిచే క్రమం చూడాలి.

మొదటి ఫోన్ చిన్నది, తరచూ రికార్డు చేసిన గొంతు. ‘మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు 9 నొక్కండి.’ నొక్కితే మర్యాదగా మాట్లాడే మనిషి వస్తాడు. మీ ఆధార్ మీద ముంబయిలో ఇంకో సిమ్ ఉందనో, మీ పేరుతో వెళ్లిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో చెబుతాడు. ‘మీరు కాదని నాకు తెలుస్తోంది సార్, అక్కడి పోలీసులకు మీరే ఒక మాట చెప్పండి, నేనే లైన్ కలుపుతాను’ అంటాడు. ఇక్కడ అతను మన పక్షాన ఉన్నట్టు కనిపిస్తాడు. తర్వాత వచ్చే గద్దింపుకు ఈ మెత్తదనమే పునాది.

రెండో మనిషి వీడియోలో యూనిఫాంతో కూర్చుని ఉంటాడు. వెనక జెండా, లోగో. ఒకప్పుడు దీనికి స్కైప్ ఎక్కువగా వాడేవారు, 2025 మేలో అది మూతపడ్డాక వాట్సాప్ ఒక్కటే సరిపోతోంది. ఆధార్ నంబరు చివరి అంకెలు, ఇంటి చిరునామా అతనే చదివి వినిపిస్తాడు. నిజానికి అవి జెరాక్స్ షాపు నుంచి హోటల్ రిజిస్టరు దాకా ఎక్కడైనా దొరికేవే. వినేవాడికి మాత్రం పోలీసులకే తెలిసే వివరాలనిపిస్తుంది. వెంటనే ముద్ర ఉన్న ‘కోర్టు ఉత్తర్వు’ పీడీఎఫ్ వస్తుంది.

ఆ పైన షరతులు. కెమెరా ఆపకూడదు, గది దాటకూడదు, ఇంట్లోవాళ్లకు చెబితే వాళ్లనూ కేసులో చేరుస్తాం. మోసం మొత్తానికి ఇరుసు ఈ ఒంటరితనమే. ఇంకో మనిషి చెవిన పడితే ఐదు నిమిషాల్లో కూలిపోయే కథను గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి నిలబెట్టేది అదే. తర్వాత ఆస్తుల లెక్క అడుగుతారు. ఏ బ్యాంకులో ఎంత, ఎఫ్‌డీలు ఎన్ని, బంగారం ఎంత. ‘ఇవి నల్లధనం కాదని రిజర్వ్ బ్యాంకు చూసి రెండు రోజుల్లో తిరిగి వేస్తుంది’ అని ఒక ఖాతా నంబరు ఇస్తారు. యూపీఐ పరిమితి వీళ్లకు చాలదు కాబట్టి బ్యాంకు ద్వారా పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్ చేయిస్తారు. దానికి కనీస మొత్తం రూ.2 లక్షలు. బ్రాంచిలో అడిగితే ‘అబ్బాయి ఇల్లు కొంటున్నాడు’ అని చెప్పమని ముందే నేర్పుతారు. ఫోన్ మాత్రం జేబులో ఆన్‌లోనే ఉండాలి.

రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు దీనికి ఎక్కువగా గురవుతారు. ఒకేచోట పెద్ద మొత్తం, జీవితమంతా కాగితానికీ ముద్రకూ ఇచ్చిన గౌరవం, పిల్లలు అమెరికాలో. ఒంగోలు లాయర్‌పేటలోనో నెల్లూరు దర్గామిట్టలోనో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. చదువు ఇక్కడ అక్కరకు రాదు. పరువు పోతుందన్న భయం చదువుకున్నవాడికే ఎక్కువ.

చట్టం సంగతి సూటిగా చెప్పుకోవచ్చు. వీడియో కాల్‌లో అరెస్టు అన్నది భారత చట్టాల్లో ఎక్కడా లేదు. విచారణకు రమ్మని పోలీసులు నేర విచారణ విధానాల చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దీన్ని ఆపగలిగిన చివరి మనిషి బ్యాంకు కౌంటరులో ఉంటాడు. డెబ్బై ఏళ్ల ఖాతాదారు ఎఫ్‌డీ గడువుకు ముందే తీసి, ఆ రోజే వేరే రాష్ట్రంలోని కొత్త ఖాతాకు ఆర్టీజీఎస్ చేస్తుంటే, ఆ మూడూ కలవడమే హెచ్చరిక. ‘ఎవరికి పంపుతున్నారు’ అన్న ప్రశ్నకు జవాబు నేర్పించి పంపుతారు కాబట్టి అది అడిగి ఉపయోగం లేదు. ‘ఇప్పుడు మీ ఫోన్‌లో ఎవరైనా లైన్లో ఉన్నారా’ అని కాగితం మీద రాసి చూపిస్తే ఫలితం ఉంటుంది. అబ్బాయి పేరు చెబితే అబ్బాయికి బ్రాంచి ఫోన్ నుంచే చేయించాలి. క్యూ పెరుగుతోందని మేనేజరు విసుక్కోవచ్చు. ఎఫ్‌డీ మొత్తం పోయాక ఖాతాదారు మళ్లీ ఆ మెట్లెక్కి వస్తే ఆయన చెప్పగలిగేది ఏమీ ఉండదు.

ఏపీకే ఫైలు ఏం చేస్తుంది

‘పీఎం కిసాన్ ఈ-కేవైసీ’, ‘ఆర్‌టీఓ చలానా’, ‘పెళ్లి శుభలేఖ’ పేర్లతో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫైలు చివర ‘.ఏపీకే’ అని ఉంటే అది పత్రమూ కాదు, ఫొటో కూడా కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కించే యాప్. పంపింది తెలిసినవాడే కావచ్చు, ఎందుకంటే ముందు అతని ఫోనే ఆ యాప్‌కు చిక్కింది, అది అతని పేరు మీద అందరికీ ఆ ఫైలే పంపుతోంది.

ఎక్కించేటప్పుడు ఫోన్ ‘తెలియని మూలం’ అని హెచ్చరిస్తుంది, దాన్ని దాటాక యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే, పంపే అనుమతులు అడుగుతుంది. అసలు కీలకం ఇక్కడుంది. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో తెరవాలంటే ఖాతాకు అనుసంధానమైన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. దొంగ యాప్‌కు ఎస్సెమ్మెస్ పంపే అనుమతి ఉంటే ఆ మెసేజ్ బాధితుడి ఫోన్ నుంచే వెళ్తుంది, యూపీఐ మాత్రం అవతలివాడి ఫోన్‌లో తెరుచుకుంటుంది. పిన్ పెట్టడానికి డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ కావాలి, లేదా ఆధార్ ఓటీపీ. ఫారం నింపమంటూ ఆ వివరాలు ముందే రాయించుకుని ఉంటాడు. ఓటీపీ వస్తే చదివి పంపేది యాపే. ఫోన్ యజమాని ఎవరికీ ఏమీ చెప్పలేదు, అయినా డబ్బు పోతుంది.

ఎక్కించానని తెలియగానే ముందు నెట్ ఆపి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసేయాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డు ఆపించాలి. పాస్‌వర్డులు కూడా వేరే ఫోన్ నుంచే మార్చాలి. పాడైన ఫోన్‌లో మారిస్తే కొత్తదీ వాడికే చేరుతుంది. ఐకాన్ కనిపించకుండా దాక్కునే యాప్‌లుంటాయి కాబట్టి ఐకాన్ చెరిపేస్తే సరిపోదు. ఫొటోలు, నంబర్లు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే ఖాయమైన దారి. కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే ##002# కొట్టి తీసేయవచ్చు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి తెలియనివి తీసేయాలి, రెండంచెల పిన్ పెట్టాలి.

యూపీఐలో ‘డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి’ అన్న పాత మోసానికి కొంత అడ్డుకట్ట పడింది. వ్యక్తులు వ్యక్తులను డబ్బు అడిగే ‘కలెక్ట్’ సదుపాయాన్ని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపించింది. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేది మాత్రం మిగిలే ఉంది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

చీమకుర్తి నుంచి పోయే ఇన్వాయిస్

వ్యాపారుల మీద జరిగేది వేరే తరహా. అక్కడ గద్దింపు ఉండదు, ఓపిక ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, నెల్లూరు తీరం రొయ్యలు విదేశాలకు పోతాయి. బేరాలు, సరుకు ఫొటోలు, ఇన్వాయిస్‌లు అన్నీ మెయిల్ మీదే. అమ్మేవాడిదో కొనేవాడిదో ఒక మెయిల్ ఖాతా పాస్‌వర్డు ఏదో నకిలీ లాగిన్ పేజీలో పోతుంది. చొరబడినవాడు వెంటనే ఏమీ చేయడు. వారాల తరబడి చదువుతూ కూర్చుంటాడు. ఏ సరుకు ఎప్పుడు ఓడెక్కుతుంది, మిగతా సొమ్ము ఎప్పుడు కడతారు, మెయిల్ చివర ఎలా సంతకం చేస్తారు, అన్నీ తెలుసుకుంటాడు.

సరుకు ఓడెక్కినట్టు చూపే పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్, పంపాక, మిగతా సొమ్ము కట్టాల్సిన రెండు మూడు రోజుల మధ్య ఒక మెయిల్ పోతుంది. ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ ఒక్క చెల్లింపు కింది ఖాతాకు వేయండి.’ ఇన్వాయిస్ అదే, లెటర్‌హెడ్ అదే, మారింది ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడు. మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఇంగ్లిష్ ‘ఎమ్’ బదులు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెడితే సెల్‌ఫోన్ తెర మీద ఎవరూ పట్టలేరు. అసలు మెయిల్ ఖాతాలోంచే పంపితే ఆ తేడా కూడా ఉండదు. అప్పుడు కొనేవాడి జవాబులు సొంతదారుకు కనిపించకుండా దారి మళ్లించే ‘రూల్’ ఒకటి లోపల పెట్టి ఉంచుతాడు. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు నెలకోసారి చూడమనేది ఇందుకే.

ఇక్కడ నష్టం ఎవరిదన్న తగాదా కూడా పెద్దదే. కొనేవాడు కట్టానంటాడు, అమ్మినవాడు అందలేదంటాడు, సరుకు రేవులో ఉంటుంది. అందుకే ఒప్పందంలోనే ఒక వాక్యం ఉండాలి: బ్యాంకు ఖాతా మార్పు మెయిల్ ద్వారా చెల్లదు, ఒప్పందంలో రాసిన ఫోన్ నంబరు మీద ఇరువైపులా మాట్లాడాకే చెల్లుతుంది. మెయిల్ కింద ఉన్న నంబరుకు చేసి కనుక్కుంటే లాభం లేదు, ఆ నంబరు కూడా వాడు పెట్టిందే అయి ఉంటుంది.

మంచి పనికి

ఇదే విద్యను భద్రత పరీక్షకూ వాడతారు. సంస్థ అనుమతి పత్రంతో, తమ ఉద్యోగులకే వివరాలు రాబట్టే ఫిషింగ్ మెయిళ్లకు నకళ్లు పంపి, ఎందరు లింకు నొక్కారో చూస్తారు. చాలా సంస్థలు నొక్కినవాళ్ల లెక్క తీసి, వాళ్లను అందరి ముందూ నిలబెడతాయి. దాని ఫలితం తలకిందులు. తర్వాతిసారి నిజంగా నొక్కినవాడు భయపడి చెప్పడు. కొలవాల్సింది అనుమానం రాగానే ఎందరు ఐటీ విభాగానికి తెలిపారు, మొదటి కబురు ఎన్ని నిమిషాల్లో వచ్చింది అన్నవి. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. లోపలి మనిషి దాచిపెడితే ఆ గడువు ఎలాగూ దాటిపోతుంది.

డబ్బు పోయాక

పోయిన డబ్బు మొదట చేరేది అద్దె ఖాతాకు. కమీషన్‌కు ఆశపడి కుర్రాళ్లు ఏటీఎం కార్డు, సిమ్‌తో సహా అప్పజెప్పిన ఖాతాలవి. అక్కడి నుంచి నిమిషాల్లో పది ఖాతాలకు, ఆ పదింటి నుంచి ఇంకెన్నిటికో చీలి, చివరకు ఏటీఎంలో నగదుగానో క్రిప్టోగానో బయటపడుతుంది. అవతల ఫోన్లో మాట్లాడేవాడు కూడా ఒక్కోసారి ఇలా చిక్కినవాడే. ఉద్యోగమని తీసుకుపోయి కంబోడియాలో సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠాల గుట్టు 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

1930కి ఫోన్ చేసేటప్పుడు ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు, ఆర్టీజీఎస్ అయితే యూటీఆర్ అనే లావాదేవీ గుర్తింపు నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఈ నంబర్ల వెంటే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు కబురు పోయి, ఇంకా మిగిలిన సొమ్మును అక్కడికక్కడ ఆపుతారు. నంబరు లేకపోతే ఆపరేటరు వెతకడంలో సమయం పోతుంది. లైను దొరకకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయవచ్చు. బ్యాంకుకూ వేరుగా రాసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, రెండూ చేయాలి.

బ్యాంకుకు చెప్పిన సమయానికి డబ్బు విలువ ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్‌తో తెచ్చిన నిబంధనల ప్రకారం ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల పోతే, 3 పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా రూ.10,000. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోతే, చెప్పేదాకా జరిగిన నష్టం అతనిదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. ఓటీపీ చెప్పినవాళ్లను బ్యాంకులు ఈ మూడో గడిలో వేస్తాయి. ఆ గడి గోడలు ఇప్పుడు కాస్త కదులుతున్నాయి. కస్టమర్ కేర్ పేరుతో యాప్ ఎక్కించి రూ.94,204 కాజేసిన కేసులో ఖాతాదారు 24 గంటల్లో చెప్పినందున బ్యాంకే చెల్లించాలని గువాహటి హైకోర్టు తీర్పునిస్తే, 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బ్యాంకు కాదంటే, ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోయేటప్పుడు ఈ తీర్పును చూపించడం మంచిది.

నేరానికి ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా, శిక్షల చట్టం బీఎన్‌ఎస్ 318(4) కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. అయితే పట్టుబడేది ఎక్కువగా అద్దె ఖాతా ఇచ్చిన కుర్రాడే.

1930 ఫిర్యాదుతో ఖాతాలు ఆపడానికి రెండో ముఖం కూడా ఉంది. దొంగ సొమ్ములో ఒక పాయ నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని కిరాణా కొట్టుకు యూపీఐ ద్వారా సరుకు ధరగా వచ్చిందనుకుందాం. ఎక్కడో నమోదైన ఫిర్యాదుతో ఆ దుకాణదారు ఖాతా కూడా ఆగుతుంది. వచ్చింది రెండు వేలే కావచ్చు, ఖాతా మొత్తం ఆపితే సరుకు చెల్లింపులన్నీ నిలిచిపోతాయి. ముందు బ్రాంచిలో అడిగి ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషన్, ఎంత మొత్తం అన్న మూడూ రాతపూర్వకంగా తీసుకోవాలి. వివాదంలో ఉన్న సొమ్ము మేరకే పట్టి ఉంచి మిగతాది వదలమని, బిల్లు నకలు జతచేసి, ఆ స్టేషనుకూ బ్యాంకుకూ రాయాలి. బాధితుడి విషయానికొస్తే, పట్టి ఉంచిన సొమ్ము తనంత తానుగా వెనక్కి రాదు. పెద్ద మొత్తమైతే బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి, కొన్ని లోక్ అదాలత్‌లలో కూడా తేలుతున్నాయి. ఏ ఖాతాలో ఎంత ఆగిందో దర్యాప్తు అధికారి నుంచి కాగితం తీసుకుని దరఖాస్తుకు జతచేస్తే ఒక వాయిదా కలిసొస్తుంది.